శివారు గదికి వేడినీళ్ళు

1983 జనవరిలో మా అమ్మా, నాన్నగారూ మొదటిసారి ఇంగ్లండు వచ్చారు. అప్పటికి నేను ఈ దేశానికి వచ్చి తొమ్మిదేళ్ళు. బర్మింగ్‌హాం పక్కన, రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలంలో కట్టిన ఇల్లొకటి కొనుక్కుని, తొమ్మిది రేడియేటర్లతో సెంట్రల్ హీటింగ్ వేయించుకుని, ఇక చలికి భయం లేదన్న ధీమాలో వున్నాను. వాళ్ళకి మేడమీద వెనకవైపు గది ఇచ్చాం. కిటికీలోంచి తోట కనిపిస్తుంది, రోడ్డు చప్పుడు వుండదు. ఆ గదికి వున్న లోపం ఒక్కటే. పొద్దున్న ఆరింటికి హీటింగ్ మొదలైతే అక్కడి రేడియేటర్ తొమ్మిదింటికి గాని గోరువెచ్చన కాదు. కింద హాల్లో వున్నది మాత్రం పది నిమిషాల్లో చెయ్యి పెట్టనివ్వదు.

అమ్మ ఏమీ అనలేదు. పది రోజులు గడిచాక ఒక రాత్రి మా ఆవిడ మంచినీళ్ళు ఇద్దామని వెళ్ళి చూస్తే, స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద నాన్నగారి కోటు వేసుకుని మంచం మీద ముడుచుకుని కూర్చుని వుంది. అడిగితే, "బాగానే వుందమ్మా, మీ దేశం చలే అంత కదా" అంది. కొడుకు ఇంట్లో లోపం ఎంచడం ఇష్టంలేక పది రాత్రులు ఆవిడ చలిలో పడుకుందని అప్పుడు తెలిసింది మాకు.

మర్నాడు ఒక పనివాణ్ణి పిలిపించాను. ఆయన అరగంట అటూయిటూ చూసి, బాయిలర్ చాలదు, పెద్దది వెయ్యాలి అన్నాడు. చెప్పిన ధర నా నెల జీతం కన్నా ఎక్కువ. నేను సరేనందామనే అనుకుంటున్నాను. నాన్నగారు మాత్రం ఆ మర్నాడు చీకటితో లేచి, హీటింగ్ మొదలయ్యే వేళకి ఇల్లంతా తిరిగారు. ప్రతి రేడియేటర్ దగ్గరా వంగి, రెండు చివర్లా వున్న గొట్టాల మీద అరచెయ్యి ఆనించి చూశారు. ఆయన చదువు ఐదో తరగతి. రేడియేటర్ అనే వస్తువుని చూడడం ఆయనకి అదే మొదలు. అయినా జబ్బేమిటో ఆయనే చెప్పారు. ఏం చెప్పారో కాసేపట్లో మనవి చేస్తాను. ఆ మాట నన్ను ఎంత ఆశ్చర్యపరిచిందంటే, ఈ వేడినీళ్ళ సంగతేమిటో మొదట్నుంచీ తెలుసుకోవాలని అప్పట్నుంచీ పుస్తకాలు తిరగేస్తూ వచ్చాను. తెలిసిందేమిటంటే, రేడియేటర్ ఆలస్యంగా వేడెక్కడానికి కారణాలు నాలుగైదే. వాటిలో ఒక్కొక్కటీ ఒక్కొక్క కాలం మన గోడల్లో వదిలిపెట్టి పోయిన గుర్తు. చరిత్ర తెలిస్తే రోగం తెలుస్తుంది.

మనుషుల కన్నా ముందు మొక్కలకూ, కోడిపిల్లలకూ

ఈ దేశంలో నేల కింద వేడి నడిపించిన మొదటివాళ్ళు రోమన్లు. బాత్ నగరంలో వాళ్ళ స్నానశాలలు చూసినవారికి గుర్తుండే వుంటుంది. పొట్టి ఇటుక స్తంభాల మీద నేలను పైకి లేపి, కింది ఖాళీలోంచి పొయ్యి వేడిగాలిని పోనిచ్చేవారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ విద్యా పోయింది. తరవాత పన్నెండు, పదమూడు వందల ఏళ్ళపాటు ఇక్కడివారు మంట ముందు కూర్చుని ముఖం కాచుకుంటూ, వీపుకి చలి భరిస్తూ గడిపారు.

వేడిని ఒకచోటినుంచి ఇంకొకచోటికి మోసుకుపోవడానికి నీటిని మించిన కూలీ లేదు. ఒక లీటరు నీరు మోసే వేడిని గాలి మొయ్యాలంటే సుమారు మూడున్నర వేల లీటర్ల గాలి కావాలి. ఈ గుణాన్ని తొలిసారి వాడుకున్నది మనుషుల కోసం కాదు. 1716లో న్యూకాసిల్‌లో వుంటున్న మార్టెన్ ట్రీవాల్డ్ అనే స్వీడన్ ఇంజనీరు, గాజుగదిలోని మొక్కల కోసం బయట నీళ్ళు కాచి గొట్టాల్లో లోపలికి పంపాడు. 1777 ప్రాంతంలో ఫ్రాన్సులో బొన్నెమాఁ అనే ఆయన కోడిగుడ్లు పొదిగించడానికి వేడినీటి గొట్టాలు అమర్చాడు. గుడ్డుకి వేడి ఒక్కలా వుండాలి కాబట్టి, నీటి వేడి పెరగగానే మంటకు గాలి తగ్గించే కడ్డీ ఒకటి కనిపెట్టాడు. మన గోడమీది థర్మోస్టాట్‌కి తాత అదే. 1784లో ఆవిరియంత్రం జేమ్స్ వాట్ తన గదిని ఆవిరితో వేడిచేసుకున్నాడు.

లండన్ వెళ్ళినవారు లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో సర్ జాన్ సోన్ మ్యూజియం చూసే వుంటారు. ఆ ఇంటి యజమాని పెద్ద వాస్తుశిల్పి. తన ఇల్లు తనకే వెచ్చగా లేదని ఒకదాని తరవాత ఒకటి పద్ధతులు మార్చి విసిగి, చివరికి 1832లో ఏంజియర్ మార్చ్ పెర్కిన్స్ అనే అమెరికావాడి పద్ధతి పెట్టించాడు. పెర్కిన్స్ 1831లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. సన్నటి, మందమైన ఇనుప గొట్టాన్ని మెలికలు తిప్పి, అంతటా మూత బిగించి, లోపలి నీటిని నూరు డిగ్రీలు దాటి కాచేవాడు. గొట్టం సన్నగా వుండాలి, నీరు బయటి గాలికి తగలకూడదు అనే రెండు ఆలోచనలూ అందులోనే వున్నాయి. అవి మామూలు ఇళ్ళకి చేరడానికి నూటపాతికేళ్ళకు పైగా పట్టింది.

బరువు తేడాతో నడిచిన నీళ్ళు

రేడియేటర్‌ని కనిపెట్టిన గౌరవం ఎక్కువమంది ఫ్రాంజ్ సాన్ గల్లీ అనే ఆయనకి ఇస్తారు. రష్యాలో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఇనుప కార్ఖానా నడిపేవాడు. 1855 ప్రాంతంలో పోత ఇనుముతో వేడినీటి పెట్టె తయారుచేశాడు. సమారా నగరంలో 2005లో రేడియేటర్‌కి ఏకంగా స్మారకచిహ్నమే పెట్టారు. దానిమీద హాయిగా పడుకున్న పిల్లి బొమ్మ కూడా వుంది. వెచ్చని చోటు ఎక్కడుందో మనకన్నా పిల్లికి బాగా తెలుసు కదా!

ఆ రోజుల్లో పంపు లేదు. నీటిని నడిపించినది నీటి బరువే. ఈ సంగతి మనకి పుస్తకం చూసి నేర్చుకోవలసిన అవసరం లేదు. మన ఊళ్ళల్లో స్నానాలకి రాగి బాయిలర్ వుండేది. మధ్య గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. పై గరాటులో చెంబుడు చన్నీళ్ళు పోస్తే పక్క గొట్టంలోంచి చెంబుడు వేణ్ణీళ్ళు వచ్చేవి. చన్నీళ్ళు బరువు, అడుక్కి దిగుతాయి. వేణ్ణీళ్ళు తేలిక, పైకి వస్తాయి. ఇంగ్లండులో పెద్ద భవనాలు, బళ్ళు, ఆస్పత్రులు వేడిచేసినదీ ఈ సూత్రంతోనే. నేలమాళిగలో బాయిలర్, అక్కడినుంచి పైకి వెళ్ళే వేడి గొట్టం, చల్లబడి దిగే గొట్టం.

అయితే ఈ తోపు ఎంత బలహీనమైనదో చూడండి. 80 డిగ్రీల నీటికీ, 60 డిగ్రీల నీటికీ బరువులో తేడా నూటికి ఒక పాలు కన్నా కొద్దిగా ఎక్కువ. గొట్టాల ఎత్తు మూడు మీటర్లుంటే, నీటిని నెట్టే బలం మూడున్నర సెంటీమీటర్ల నీటి ఎత్తుతో సమానం. అంటే రెండు వేళ్ళ మందం. అంత కొంచెం బలంతో నీరు కదలాలంటే గొట్టాలు ఒకటిన్నర, రెండంగుళాల లావుండాలి, వంపులు తక్కువుండాలి. అంత నీరూ, అంత ఇనుమూ వేడెక్కడానికి గంటలు పట్టేది. అందుకే తెల్లవారకముందే బాయిలర్ రాజేసేవారు. ఆ రోజుల్లో రేడియేటర్ ఆలస్యంగా వేడెక్కడం జబ్బు కాదు, దాని స్వభావం.

ఈ పాత కాలం ఇప్పటికీ మన ఇళ్ళల్లో అప్పుడప్పుడు తొంగి చూస్తుంది. మేడమీద రేడియేటర్లు కాస్త వేడెక్కి, కింద గదుల్లోవి చల్లగా వుంటే పంపు ఆగిపోయిందేమో అనుమానించాలి. పంపు నెట్టడం మానేస్తే నీరు తన పాత అలవాటు ప్రకారం తేలికై పైకి మాత్రమే వెళ్తుంది. పంపు చచ్చిన ఇల్లు ఆ పూటకి విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లయిపోతుందన్నమాట.

కుంపటి వదలని దేశం

ఇంత విద్య తెలిసినా సామాన్యుల ఇళ్ళల్లోకి సెంట్రల్ హీటింగ్ రానివ్వలేదు ఇంగ్లీషువారు. బొగ్గు చవక, పైగా నిప్పు కనిపించకపోతే వాళ్ళకి ఇల్లు ఇల్లనిపించదు. మన బీహారులో మోతీహారిలో పుట్టిన జార్జ్ ఆర్వెల్, 1945 డిసెంబరులో ఒక సాయంకాలపు పత్రికలో దీనిమీద వ్యాసమే రాశాడు. బొగ్గు మంట దండగమారిది, పని ఎక్కువ అని ఒప్పుకుంటూనే, కుటుంబం అంతా కూర్చునే గదిలో మాత్రం అది వుండి తీరాలని వాదించాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. చలిమంట చుట్టూ చేరి కబుర్లు చెప్పుకున్న మనకి అది అర్థం కానిది కాదు.

ఆ కోట్ల కుంపట్ల పొగ ఏం చేసిందో 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్ చూసింది. ఐదు రోజులు పొగమంచు కదల్లేదు. చనిపోయినవారు నాలుగు వేలని అప్పటి లెక్క. తరవాత పరిశోధకులు పన్నెండు వేల దాకా అంచనా కట్టారు. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. ఊళ్ళల్లో పొగ బొగ్గు కాల్చడం క్రమంగా ఆగిపోయింది. 1962-63 చలికాలం, 1740 తరవాత ఈ దేశం ఎరగనంత చలికాలం. గడ్డకట్టి పగిలిన గొట్టాలతో, ఒక్క గదిలో తప్ప నిప్పు లేని ఇళ్ళల్లో జనం ఆ మూడు నెలలూ గడిపారు. నిప్పు మీద ప్రేమ ఆ ఏడుతో చాలామందికి తగ్గింది.

ఈలోగా 1961లో పార్కర్ మోరిస్ కమిటీ, కొత్త ఇళ్ళు ఎలా వుండాలో ప్రమాణాలు చెప్పింది. బయట మైనస్ ఒక డిగ్రీ వున్నప్పుడు కూర్చునే గది 18 డిగ్రీలు, వంటిల్లూ నడవాలూ 13 డిగ్రీలు వుండాలన్నది కనీస ప్రమాణం. పడకగదుల ఊసు ఆ కనీసంలో లేదు! పడకగది చల్లగా వుండడం ఆరోగ్యమని ఈ దేశంలో చాలామంది నమ్మకం. మా వెనక గది కథకి మూలం కొంత అక్కడ కూడా వుందేమో.

1965లో ఉత్తర సముద్రంలో గ్యాస్ పడింది. 1967లో ఒడ్డుకు చేరింది. అంతకు ముందు బొగ్గునుంచి తీసిన గ్యాస్ వాడేవారు. కొత్త గ్యాస్‌కి వేడి రెట్టింపు, పాత పొయ్యిలకి సరిపోదు. అందుకని 1967 నుంచి 1977 దాకా పదేళ్ళపాటు ఇంటింటికీ తిరిగి, దాదాపు నాలుగు కోట్ల పొయ్యిలూ, హీటర్లూ మార్చారు. గ్యాస్ చవకగా, దండిగా దొరకడంతో బాయిలర్ల అమ్మకం ఊపందుకుంది. 1972లో నూటికి 37 ఇళ్ళల్లో సెంట్రల్ హీటింగ్ వుంటే, శతాబ్దం చివరికి పదింట తొమ్మిదిళ్ళకి వచ్చేసింది.

మనలో చాలామంది ఈ దేశంలో దిగింది ఆ మార్పు మధ్యలోనే. ఆస్పత్రి క్వార్టర్లలోనో, అద్దె గదిలోనో నాణెం వేస్తే వెలిగే గ్యాస్ మంట ముందు, ఎప్పుడారిపోతుందో అని మీటరుకేసి చూస్తూ పరీక్షలకి చదివిన రోజులు మరిచిపోలేం. పారఫిన్ హీటర్ వెలిగిస్తే లీటరు నూనెకి దాదాపు లీటరు నీరు ఆవిరై గోడలకి పట్టేది. ఆ తడికి వాల్‌పేపర్ ఊడి వేళ్ళాడేది, పిల్లలకి దగ్గు. అందుకే మొదటి ఇల్లు కొన్నప్పుడు మనవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "సెంట్రల్ హీటింగ్ వుందా?"

గొట్టం సన్నబడింది

ఆ హీటింగ్ మామూలు ఇళ్ళల్లోకి రాగలిగింది పంపు పుణ్యాన. 1928లో జర్మనీలో విలో కంపెనీ, వేడినీటిని తొయ్యడానికి గొట్టం వంపులో అమరే మోటారు పంపు తయారుచేసింది. ఇంగ్లండులో 1950లలో బొగ్గు వినియోగ పరిశోధన సంఘం వారు, అలాంటి పంపుకి అరంగుళం రాగి గొట్టాలు కలిపి చిన్న ఇళ్ళకి పనికొచ్చే పద్ధతి రూపొందించారు. తమాషా ఏమిటంటే, బొగ్గు బాయిలర్లు అమ్ముకోవడానికి వాళ్ళు కనిపెట్టిన ఈ పద్ధతే తరవాత గ్యాస్‌కి దారి వేసింది. మామూలు ఇంటి పంపు ఐదారు మీటర్ల నీటి ఎత్తు బలంతో తోస్తుంది. పాత రెండు వేళ్ళ బలం ఎక్కడ, ఇదెక్కడ? ఇక లావు గొట్టాల అవసరం లేదు. నేలపలకల కింద, గోడ మూలల్లో దాచెయ్యవచ్చు. కొన్నాళ్ళకి ఎనిమిది, పది మిల్లీమీటర్ల గొట్టాలు కూడా వచ్చాయి.

కాని సన్న గొట్టానికి చెల్లించవలసిన మూల్యం ఒకటి వుంది. గొట్టం వ్యాసం సగమైతే, అదే నీటిని పంపడానికి పాతిక రెట్లకు పైగా బలం కావాలి. కనుక నీరు దగ్గరి దారి వెతుక్కుంటుంది. బాయిలర్ పక్కన వున్న రేడియేటర్‌లో దూరి, గబగబా తిరిగి, వేడి పూర్తిగా వదలకుండానే వెనక్కి వచ్చేస్తుంది. దూరంగా వున్న గదికి వెళ్ళే దారి పొడుగు, రాపిడి ఎక్కువ. అక్కడికి వెళ్ళేది మిగిలిన కొద్ది నీరే.

ఎగువ తూములు

ఇక నాన్నగారి మాటకి వస్తాను. ఆయనది దివి తాలూకాలో కాలువ చిట్టచివరి భూమి. కృష్ణ నీళ్ళు అన్ని ఊళ్ళ పొలాలూ తడిసి, మిగిలితే మాకు వచ్చేవి. నాట్ల రోజుల్లో రాత్రిపూట లాంతరు పట్టుకుని కాలువ గట్టున మైళ్ళకి మైళ్ళు నడిచి, లస్కర్లని బతిమాలి, ఎగువ రైతులతో పోట్లాడి నీళ్ళు తెచ్చుకున్న మనిషి ఆయన. ఆ రోజు ఇల్లంతా తిరిగి వచ్చి కాఫీ తాగుతూ ఇలా అన్నారు:

"ఒరే అబ్బాయ్, నీ కాలువలో నీళ్ళు చాలకపోవడం కాదురా. ఎగువ తూములన్నీ బార్లా తెరిచి పెట్టావు. హాల్లోదానికి వచ్చే గొట్టం ఎంత కాలుతోందో, పోయే గొట్టమూ అంతే కాలుతోంది. అంటే దానికి కావలసినదానికన్నా ఎక్కువ పారుతోంది. మా గదిలో పోయే గొట్టం చల్లగా వుంది. మాది శివారు. ఎగువన కాస్త తూము దించు, నీళ్ళు వాటంతటవే వస్తాయి. కొత్త ఆనకట్ట కట్టక్కర్లేదు."

నేను నిర్ఘాంతపోయాను. తరవాత పుస్తకాల్లో చదివితే, హీటింగ్ ఇంజనీర్లు చెప్పేదీ అక్షరాలా అదే. ప్రతి రేడియేటర్‌కీ రెండు వాల్వులుంటాయి. ఒకటి మనం తిప్పేది. రెండోది ప్లాస్టిక్ టోపీ కింద దాగి వుంటుంది, దాన్ని లాక్‌షీల్డ్ అంటారు. హీటింగ్ అమర్చినప్పుడు ఒక్కొక్కదాన్ని ఎంత తెరవాలో సరిచూసి వదలాలి. మా ఇంట్లో అమర్చినవాళ్ళు అన్నీ పూర్తిగా తెరిచి వెళ్ళిపోయారు.

ఇంకొక చిక్కు కూడా వుంది. మా థర్మోస్టాట్ హాల్లో వుంది. హాలు పది నిమిషాల్లో వేడెక్కే రేడియేటర్‌తో తొందరగా వెచ్చబడగానే, ఇల్లంతా వెచ్చబడిందనుకుని అది బాయిలర్‌ని ఆర్పేసేది. ఎగువ పొలం నిండగానే లాకు తలుపులు దించేసినట్టు.

శని, ఆదివారాలు రెండూ పెట్టి సరిచేశాం. పద్ధతి ఇది. ముందు అన్ని రేడియేటర్ల వాల్వులూ పూర్తిగా తెరవాలి. చల్లని ఇంట్లో హీటింగ్ వేసి, ఏది ముందు వేడెక్కుతుందో, ఏది చివర వేడెక్కుతుందో వరసగా రాసుకోవాలి. తరవాత, ముందు వేడెక్కినదాని లాక్‌షీల్డ్ పూర్తిగా మూసి, పావు చుట్టు మాత్రం తెరవాలి. వరసలో తరవాతవాటికి కొంచెం కొంచెం ఎక్కువ. చిట్టచివరిది పూర్తిగా తెరిచి వుంచాలి. వచ్చే గొట్టానికీ, పోయే గొట్టానికీ వేడిలో తేడా అన్నింటి దగ్గరా దాదాపు ఒకటే వుండేట్టు సరిచూడాలి. ఆ రోజుల్లో 82 డిగ్రీలతో వెళ్ళి 71తో తిరిగి రావాలని, అంటే 11 డిగ్రీల తేడా వుండాలని లెక్క. నేను క్లిప్పు థర్మామీటర్లు రెండు కొన్నాను. నాన్నగారు అరచేత్తోనే చూశారు. ఆయన లెక్క రెండుమూడు డిగ్రీలు మించి తప్పలేదు.

సోమవారం పొద్దున్న వెనక గది రేడియేటర్ ఇరవై నిమిషాల్లో వేడెక్కింది. అమ్మ కోటు తీసి మేకుకి తగిలించింది. ఏమీ అనలేదు, అప్పుడు కూడా.

గాలీ, పూడికా

శివారు జబ్బు ఒకటే కాదు, ఇంకో రెండు వున్నాయి. రెండూ ఆధునికమైనవే. పోత ఇనుము పోయి పలచని ఉక్కు రేకు రేడియేటర్లు వచ్చాయి, వాటికి రాగి గొట్టాలు తగిలించారు. నీటిలో ప్రాణవాయువు వున్నంతకాలం ఉక్కు తినుకుపోతూనే వుంటుంది. దానివల్ల నల్లటి మెత్తటి బురద తయారై అడుగున పేరుకుంటుంది. అది ఒకరకం ఇనుప ఆక్సైడు, అయస్కాంతానికి అంటుకుంటుంది. దానితోబాటు హైడ్రోజన్ వాయువు కూడా పుట్టి పైన చేరుతుంది.

కనుక చెయ్యి పెట్టి చూడండి. రేడియేటర్ పైభాగం చల్లగా, కింద వేడిగా వుంటే పైన వాయువు చేరింది. హీటింగ్ ఆపి, చల్లారనిచ్చి, పై మూలనున్న చిన్న మరను తాళంచెవితో అర చుట్టు తిప్పితే బుస్సుమని గాలి పోయి నీళ్ళు వస్తాయి, వెంటనే బిగించాలి. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి, హైడ్రోజన్ అంటుకుంటుంది. తరవాత బాయిలర్ దగ్గర ఒత్తిడి ముల్లు చూడాలి. నీరు చల్లగా వున్నప్పుడు ఒకటీ ఒకటిన్నర బార్ మధ్య వుంటే చాలు. అటక మీద తొట్టి వున్న పాత పద్ధతి అయితే ఆ తొట్టిలో నీళ్ళున్నాయో లేవో చూడాలి. తేలే బంతి ఇరుక్కుపోయి తొట్టి ఎండిపోతే ముందు చల్లబడేవి మేడమీద రేడియేటర్లే. నెలనెలా గాలి తియ్యవలసి వస్తుంటే లోపల ఇనుము తినుకుపోతోందని గ్రహించాలి.

అంచులు వేడిగా వుండి అడుగు మధ్యభాగం చల్లగా వుంటే అది పూడిక. కాలువకి ఏటా పూడిక తియ్యకపోతే ఏమవుతుందో మన ఊరివాళ్ళని అడగండి. ఆ రేడియేటర్‌ని విప్పి తోటలోకి పట్టుకెళ్ళి గొట్టంతో నీళ్ళు కొట్టి కడగాలి, లేదా యంత్రంతో మొత్తం కడిగించాలి. తరవాత తుప్పు పట్టనివ్వని మందు నీటిలో కలపాలి. ఇప్పుడు అయస్కాంతం వున్న వడపోత గిన్నెలు గొట్టానికి అమరుస్తున్నారు, మంచివి.

ఒకే ఒక రేడియేటర్ పూర్తిగా చల్లగా వుంటే అంకెలున్న తల చూడండి. గది వేడిని బట్టి తనంతట తాను మూసుకునే ఈ వాల్వుని డెన్మార్కులో డాన్‌ఫాస్ వ్యవస్థాపకుడు మాడ్స్ క్లౌసెన్ 1943లో కనిపెట్టాడు. వేసవి అంతా కదలక దాని లోపలి సన్న మేకు బిగుసుకుపోతుంది. తల విప్పి మేకుని మెల్లిగా నొక్కి వదిలితే చాలాసార్లు కదులుతుంది. పైకి మాత్రం లాగకూడదు. ఇవన్నీ మనం చేసుకోగలిగినవే. బాయిలర్ మూత తియ్యడం మాత్రం మన పని కాదు. 2009 నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవారే దాన్ని ముట్టుకోవాలి.

ఆలస్యం మంచిదైన కాలం

చరిత్ర మళ్ళీ ఒక మలుపు తిరిగింది. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్సుల్లో కొత్తగా వేసే గ్యాస్ బాయిలర్ దాదాపు ప్రతిదీ, పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా రాబట్టే రకం అయివుండాలని నియమం పెట్టారు. అయితే తిరిగి వచ్చే నీరు 55 డిగ్రీల లోపు వుంటేనే ఆ లాభం. తూములు బార్లా తెరిచిన ఇంట్లో నీరు వేడి వదలకుండానే తిరిగి వస్తుంది కాబట్టి, ఖరీదైన బాయిలర్ వుండీ డబ్బు పొగగొట్టంలోంచి పోతుంది. 2022లో ఇంధనం ధరలు మండిపోయినప్పుడు, బాయిలర్‌లో నీటి వేడిని 60 డిగ్రీలకి తగ్గించుకోమని నిపుణులు చెప్పినది ఇందుకే. ఇప్పుడు వస్తున్న హీట్ పంపులైతే 35 నుంచి 55 డిగ్రీల నీటితోనే నడుస్తాయి. రేడియేటర్ చెయ్యి కాల్చదు, రోజంతా గోరువెచ్చగా వుంటుంది. సాన్ గల్లీ కాలం నాటి నిదానం మళ్ళీ వచ్చిందనుకోవచ్చు. కనుక రేడియేటర్ మెల్లిగా వేడెక్కితే ప్రతిసారీ కంగారుపడనక్కర్లేదు. గది వెచ్చబడుతోందా లేదా అన్నదే ప్రశ్న. ఇల్లంతా ఒక్కలా మెల్లిగా వేడెక్కడం వేరు. హాలు కాలిపోతూ వెనక గది వణకడం వేరు. మొదటిది పద్ధతి, రెండోది అన్యాయం.

ఇదంతా రాయడానికి అసలు కారణం చెప్పి ముగిస్తాను. నాణేల మీటర్ల ముందు చదువుకున్న మా తరం ఇప్పుడు డెబ్బైలూ, ఎనభైలూ దాటింది. పిల్లలు వేరే ఊళ్ళల్లో. పెద్ద ఇళ్ళల్లో ఒంటరిగానో, ఇద్దరుగానో వుంటున్నారు. ఇంట్లో కనీసం 18 డిగ్రీలు వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. వృద్ధులకి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి అది చాలకపోవచ్చు. డాక్టరుగా నేను చూసినది కూడా అదే. చలి నేరుగా చంపదు, రక్తపోటు పెంచి, ఊపిరి బిగించి చంపుతుంది. కాని మన పెద్దవాళ్ళని ఫోనులో "వెచ్చగా వుందా?" అని అడిగితే, "బాగానే వుంది నాయనా" అంటారు. మా అమ్మ అన్నట్టే.

అందుకని మన సంఘంలోని యువకులకి ఒక మనవి. ఈసారి సంక్రాంతి పిండివంటలు ఇవ్వడానికి పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు, హాల్లో కూర్చుని కాఫీ తాగి వచ్చేయకండి. బాత్‌రూంకి వెళ్తున్నట్టు మేడెక్కి, వాళ్ళు పడుకునే గదిలో రేడియేటర్ మీద, రెండు చివరి గొట్టాల మీద అరచెయ్యి ఆనించి చూడండి. చల్లగా వుంటే జేబులో తాళంచెవీ, చిన్న స్పానరూ వుండనే వుంటాయి కదా.

నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇల్లు కూడా అమ్మేశాం. కొన్నవాళ్ళకి అన్ని కాగితాలతోబాటు, ఏ లాక్‌షీల్డ్ ఎన్ని చుట్లు తెరిచి వుంచాలో రాసిన చీటీ ఒకటి ఇచ్చాను. మొదటి వరస హాలుది: ముప్పావు చుట్టు. చివరి వరస వెనక గదిది: పూర్తిగా.